డీఎస్పీ గారి లాఠీ

నేరశాస్త్రంలో పట్టా పుచ్చుకుని వచ్చిన ఆ డీఎస్పీ గారికో వింత అలవాటుండేది. ఎదుటివాడు ఎంత కోపంగా ఉన్నా సరే, తన లాఠీ వాడి చేతికే ఇచ్చి కళ్ళద్దాలు తుడుచుకునేవారు.

యుద్ధం రోజుల్లో మా నాన్న బియ్యం దాచాడని శ్రీకాకుళంలో జనం మా కొట్టు మీదికి వచ్చారు. డీఎస్పీ గారు పోలీసులను వెనకే ఆపి, గునపంతో ముందు నిలబడ్డ మనిషి దగ్గరికి ఒక్కరే నడిచారు.

"కాస్త ఇది పట్టుకో."

అతను గునపం కింద పెట్టి లాఠీ అందుకున్నాడు. "బాబూ, దీంతో నానేటి సెయ్యాల?"

"అందర్నీ వరసలో నిలబెట్టు. షావుకారు గారూ, తాళం తీసి బియ్యం అమ్మండి."

నాన్న తాళం తీశాడు. బియ్యం అయిపోయేదాకా వరస చూసింది ఆ మనిషే. చివరికి లాఠీని తువ్వాలుతో తుడిచి ఆయనకిచ్చాడు.

గునపం మాత్రం మా గుమ్మం దగ్గరే మరిచిపోయాడు.