పాదాలు పట్టుకునే పిన్ని

రైల్వే ట్రాఫిక్ కాలనీలో మా పక్క క్వార్టర్ పిన్ని పొగమంచు పొద్దుల్లో ఇప్పటికీ గుర్తొస్తుంది. ఎక్కడో మంచులో షంటింగ్ ఇంజను మూలుగుతుంటే, నిద్రపోతున్న కూతురి పాదాలను రెండు చేతుల్లోకి తీసుకుని, ఏదో వింటున్నట్టు కూర్చునేది.

డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన ఆ పిల్ల, ఆ చలికాలమంతా మగతలోనే ఉంది. అలాంటి పిల్లలు అంతేనన్నారు చుట్టుపక్కల వాళ్లు.

"నా పిల్ల ముందు ఇలాగ లేదక్కా. కాళ్లు సూడు, ఎంత సల్లగున్నాయో!" అంది పిన్ని మా అమ్మతో.

ఆ చల్లదనాన్నే నమ్మి రక్తపరీక్ష చేయించింది. థైరాయిడ్ హార్మోన్ తక్కువగా ఉందని తేలింది. డాక్టరు మాత్ర రాశాడు. థైరాయిడ్‌కి మంచిదని ఎవరో చెప్పిన సెలీనియం గోళీలు కూడా వెయ్యనా అని అడిగింది పిన్ని.

"థైరాయిడ్‌కి అది కొంచెం చాలు దీదీ, చేపల్లో, గుడ్లలో ఉంటుంది. గోళీలు సొంతంగా వెయ్యకండి. ఈ మాత్ర మానకండి" అన్నాడాయన.

రోజూ పరగడుపున మాత్ర వేసేది. మధ్యాహ్నం ముల్లు తీసిన చేపముద్దలు తినిపించేది.

ఎండలు ముదిరాక ఒకరోజు గోల్‌బజార్‌లో కనిపించారు. పిల్ల జనం మధ్యలోంచి పరుగు తీస్తోంది. వెనకాల సంచీతో పిన్ని రొప్పుతోంది.

"ఆగవే తల్లీ! నానెక్కడ పరిగెట్టగల్ను!"

ఆ కేకలో పిల్లను ఆపాలన్న కోరిక ఏ కోశానా లేదు.