క్రిస్మస్ చెట్టు కాడ దసరా

మొన్న క్రిస్మస్ నాడు నేనేం చేసిన్నో మీకింకా ఎవరూ చెప్పలేదా? అయితే కూసోండ్రి, చాయ్ తాగుకుంట నేనే చెప్త. పోయిన ఇజ్జత్ ఎట్లాగూ నాదే, ఆ కథ ఇంకొకడు చెప్పుడెందుకు?

మా కిరాణ దుకాణానికి హిల్డా దొరసాని వస్తదని మీకెరుకే కద. మిల్లుల కొత్త మిషన్లు బిగించనీకి జర్మనీ నుంచి వచ్చిన ఇంజనీర్, కార్ల్ దొర, ఆయన భార్య. మిల్లుల టైపిస్టు ఖాదర్ భాయ్ లేకుంటే ఆమె మాట మనకు తెల్వదు, మన మాట ఆమెకు తెల్వదు. ఒకనాడు ఇద్దరూ కల్సి వచ్చిండ్రు. కిస్మిస్, జీడిపప్పు, మైదా, చక్కెర... పొట్లాలు కట్టి కట్టి నా చేతులు నొప్పి పుట్టినయి.

"షావుకార్, ఇల్లు విడిచినంక అమ్మకు ఇదే మొదటి క్రిస్మస్. ఈడ చుట్టం లేడు, పక్కం లేడు. అందుకే బజార్ల ఎరుకైనోళ్లనే చుట్టాలనుకొని పిలుస్తాంది. మీ ఆలుమొగలిద్దరూ రావాలె" అన్నడు ఖాదర్ భాయ్.

నాకు సంతోషం పట్టలేదు. "మేడం! కమ్మింగ్, కమ్మింగ్!" అన్న. నా ఇంగ్లీషు అంతవరకే.

ఇంట్ల మా రాజమ్మ మాత్రం ముఖం ముడిచింది. "వాళ్లు గుడ్డు కలుపుతరట. మనమేం తింటం?" ఆ మాట ఖాదర్ భాయ్ చెవిన వేసిన. తెల్లారే జవాబు వచ్చింది: మనకోసం కొత్త గిన్నె కొన్నదట, గుడ్డు లేని కేక్ వేరే చేస్తదట, ఖాదర్ భాయ్ వాళ్లకు సారా చుక్క తగలనిది ఇంకొకటట. అంతే, రాజమ్మ మనసు కరిగింది. డబ్బా నిండ తీపి గరిజెలు చేసి, మూత ఊడకుండ దుకాణంల పురికొసతో చుట్టింది. బయలెల్లేటప్పుడు మాత్రం నన్ను నిలబెట్టి చెప్పింది:

"చూడుండ్రి, అక్కడ పెద్దతనం చేయకుండ్రి. నోరు కట్టుకొని కూసోండ్రి."

ఒట్టు, నోరు కట్టుకున్న.

మాపటికి ముందే వాళ్లింటికి పోయినం. హాల్ మధ్యల బకెట్ల ఒక సరుగుడు కొమ్మ నిలబెట్టిండ్రు. దాని నిండ బంగారు రంగు ఆకులు! తళతళ, తళతళ! ఖాదర్ భాయ్ వాళ్ల బేగం, కాశిబుగ్గ నేతాయన నర్సయ్య, మా బజారోళ్లు ఇంకొందరు, అందరం చెప్పులు విడిచి చెట్టు చుట్టూ నిలబడ్డం. ఎవరూ కదలరు, ఎవరూ మెదలరు. హిల్డా అమ్మ, ఖాదర్ భాయ్ లోపల చాయ్ పనిల ఉన్నరు. దొర ఏమో చేతులు కట్టుకొని నవ్వుతాండు.

ఇసొంటి టైంల పెద్దమనిషి కదలాలె కద? మా వాడల దసరా నాడు జమ్మి ఆకు మొదలు తెంపేదెవరు? నేనే! బంగారమని చేతుల పెట్టి అలాయ్ బలాయ్ అని కావలించుకునేది మొదలు ఎవరు? నేనే! జమ్మిని బంగారం అని మనం అనుకోవాలె, ఈడ నిజంగనే బంగారం రంగు కొట్టి పెట్టిండ్రు. దొరోళ్లకు మన పద్ధతి ఎంత మంచిగ తెలుసో అని మురిసిపోయిన.

ఒక ఆకు తెంపి దొర చేతుల పెట్టి గుండెకు హత్తుకున్న. దొర జర బెదిరిండు గాని, ఇది ఈ దేశపు మర్యాద అనుకున్నడేమో, తనూ చేతికందిన ఆకు తెంపి నాకిచ్చి, నా పక్కటెముకలు కలుక్కుమనేట్టు పట్టుకున్నడు. దసరాకు చేసినట్టే ఆ ఆకును నా నెత్తి రుమాలు మడతల చెక్కుకున్న. ఇగ ఆగుతరా? నర్సయ్య నాకు, నేను బజారోళ్లకు, ఆడోళ్లు ఆడోళ్లకు... బంగారం, బంగారం!

హిల్డా అమ్మ కేక్ పట్టుకొని వచ్చేటాల్లకు బకెట్ల మేక మేసిన కొమ్మ మిగిలింది. ప్లేట్ టేబుల్ మీద పెట్టి ఆమె కొమ్మ దిక్కు ఉరికింది.

"యా అల్లా! షావుకార్, ఏం చేసిండ్రు?" అన్నడు ఖాదర్ భాయ్.

"బంగారం పంచుకున్నం భాయ్!"

"అది జమ్మి కాదు! చూసి సంబురపడనీకి పెట్టుకున్నది!"

 రాజమ్మ అందరి చేతులల్ల ఆకులు వాపసు తీసుకున్నది. గరిజెల డబ్బాకు చుట్టిన పురికొస విప్పి, ముక్కలు చేసి, ఆకులు ఒక్కొక్కటే కట్టుడు మొదలుపెట్టింది. ఖాదర్ భాయ్ బేగం వచ్చి కొమ్మ వంచి పట్టుకున్నది. హిల్డా అమ్మ ముఖంల మళ్ల నవ్వు వచ్చింది. వచ్చినట్టే వచ్చి పోయింది. చెట్టంత వెతుకుతాంది, కండ్లల్ల నీళ్లు.

"ఒక ఆకు లేదట. మిగతావి కాయితంవి, అదొక్కటి ఇత్తడిది. ఈడికి వచ్చేముందు వాళ్లమ్మ తన చేతులతో కత్తిరించి ఇచ్చిందట" అన్నడు ఖాదర్ భాయ్.

తప్పు నాది, తీర్చేదీ నేనే! నోటికి కట్టిన తాడు తెంచుకున్న. "ఎవరూ కదలొద్దు! జేబులు చూసుకోండ్రి!"

"నా అంగీకి జేబే లేదు కదనే షావుకారూ!" అన్నడు నర్సయ్య.

"అయితే ధోతి దులుపు!"

పాపం, దులిపిండు. ఖాదర్ భాయ్ షేర్వానీ జేబులు తిరగేసిండు. దొర జేబుల మిల్లు బోల్టు దొరికింది. నేను మోకాళ్ల మీద టేబుల్ కిందికి దూరిన. ఎవరో కావాలనే దాచిండ్రని గొణుక్కుంట లేస్తే, ధన్! తల టేబుల్‌కు తాకింది. రుమాలు ఊడి, దారపుండ లెక్క దొర్లుకుంట పోయి హిల్డా అమ్మ కాళ్ల కాడ ఆగింది. ఆఖరి మడతల నుంచి ఠంగ్ మని పడ్డది ఇత్తడి ఆకు.

 నర్సయ్య అన్నడు: "షావుకారూ, ఇగ నా ధోతి దులుపుడు ఆపొచ్చునా?"

ఆ ఆకు తెంపి నాకిచ్చింది దొరే కద! తల వంచుకొని తన దిక్కే వేలు చూపుకున్నడు. హిల్డా అమ్మ ఆయన దిక్కు ఒక చూపు చూసింది. ఆ చూపుకు ఖాదర్ భాయ్ అక్కర్లే, మా ఇంట్ల నేను రోజూ చూస్తనే ఉంట. తర్వాత నవ్వింది చూడండ్రి, గోడ పట్టుకొని నవ్వింది! ఖాదర్ భాయ్‌ని ఏదో అడిగి, ఆకు తీసి మా రాజమ్మ చేతుల పెట్టి "బంగారం" అని గట్టిగ కావలించుకున్నది. రాజమ్మ మళ్ల ఆమె చేతుల పెట్టి "బంగారం" అన్నది. ఇద్దరూ కల్సి కొమ్మ కొసకు కట్టిండ్రు, మా దుకాణం పురికొసతోనే.

గుడ్డు లేని కేక్ జర గట్టిగనే ఉండె. అయినా రెండు ముక్కలు తిన్న. అడ్డం చెప్పే మొకం నాకేడిది?

తొవ్వల రాజమ్మ అన్నది, "నోరు కట్టుకోమన్న గాని, చేతులు కట్టుకోమనుడు మరిచిన."

పొద్దున హిల్డా అమ్మ చక్కెరకు దుకాణానికి వచ్చింది. వచ్చే క్రిస్మస్‌కు ఇప్పటినుంచే పిలిచింది. షరతు ఒక్కటేనట, ఖాదర్ భాయ్ నవ్వు ఆపుకుంట చెప్పిండు:

"షావుకార్ ఉత్త నెత్తితోని రావాలె."