పొన్నంకి పిట్ట మూకుడు

పలాస స్టేషన్లో రైలు దిగగానే జీడిపిక్కలు కాల్చే పొగ గొంతులో గరగరలాడుతుంది. ఊరివాళ్ళకు అది స్వాగతం, బయటివాళ్ళకు దగ్గు. నాకిప్పుడు రెండూ వస్తున్నాయి.

ఆ వాసనతోపాటే ఉద్దానంలోని మా తోట గుర్తొస్తుంది: వైశాఖంలో నేలరాలి పులిసిన జీడిమామిడి పళ్ళు, కాలికింద గలగలమనే ఎండుటాకులు, మా గౌన్ల మీద ఏ సబ్బుకూ వదలని పళ్ళరసపు మరకలు, వాటికోసం అమ్మ తిట్లు, ఆ తిట్ల మధ్య దీపాల వేళకు వినిపించే రెండు ముక్కల ఈల. పొన్నంకి పిట్ట ఏడాదికి రెండుసార్లు మా తోటలో ఆగేది, దసరా వెళ్ళాక దక్షిణానికి పోతూ, తొలకరికి ముందు ఉత్తరానికి తిరిగొస్తూ. ఆకుపచ్చ వీపు, నీలం రెక్కలు, తోక కింద ఎరుపు.

"ఇంట్లో గుడ్డలన్నీ ఒక్కపాలే తొడిగీసుకొచ్చినట్టున్నాది" అనేవాడు నాన్న.

రాత్రంతా ఎగిరి అలిసి పెరట్లో వాలే దానికోసం ఆయన మట్టి మూకుడులో నీళ్ళు పోసేవాడు. అది తాగి, అందులోనే మునిగి, రెక్కలు టపటపలాడించి సగం నీళ్ళు మా మీద చల్లేది.

రెండు వేల సంవత్సరం దాటాక, నేను హైస్కూల్లో ఉండగా, నాన్నకు కాళ్ళు వాచాయి. మా వైపు ఆ మాట విన్నవాళ్ళెవరూ ఇంకో ప్రశ్న అడగరు. కిడ్నీలు పోయాయని, రోజుకు రెండు గ్లాసులకు మించి నీళ్ళు తాగొద్దని విశాఖలో డాక్టరు చెప్పాడు. జబ్బుకు కారణం వెతుకుతామని సీసాలతో వచ్చి మా బావినీళ్ళు పరీక్షకు పట్టుకెళ్ళినవాళ్ళు మాత్రం ఏమీ చెప్పలేదు.

"మనూరి నీలు మనకన్నా ఎక్కువ ఊర్లు తిరిగినాయి" అన్నాడు నాన్న.

ఆ ఎండాకాలం ఆయన పెదవులు బీటలు వారాయి. అమ్మ నీళ్ళబిందెను వంటింట్లోకి మార్చి గొళ్ళెం పెట్టేది. నీళ్ళ చప్పుడు ఆయన చెవిన పడకూడదని గిన్నెలు వీధి పంపు దగ్గరకు మోసుకెళ్ళి తోమేది. ఆయన మాత్రం మంచం పెరట్లో, మూకుడుకు ఎదురుగా వేయించుకున్నాడు. పిట్ట వచ్చింది. నీళ్ళలో మునిగింది. ఆయన గుటక వేశాడు.

అమ్మ మూకుడు తీసేయబోయింది. "ఎందుకు మావా నీకీ యాతన? లోనికి రా."

"ఉండనీయే. డాక్టరు తాగొద్దన్నాడు గానీ సూడొద్దన్నేదు గదా."

పిట్ట తొలకరికి ముందే వెళ్ళింది. నాన్న తొలకరి చూశాడు. చూరునీళ్ళ కింద చెయ్యి పెట్టి, ఆ తడి పెదవులకు రాసుకున్నాడు. వానలు తగ్గకముందే పోయాడు.

తర్వాత తుఫాను వచ్చి జీడితోటను వేళ్ళతో పెకలించింది. ఎండుటాకులు లేని నేలలో ఏరుకు తినడానికి ఏమీ దొరకదు కాబోలు, ఆ ఈల వినపడి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మా ఇంట్లో మినరల్ వాటర్ క్యాను ఉంది. దాని పక్కన అమ్మ గ్లాసు ఉంది. నిరుడు డాక్టరు ఆమెకూ నీళ్ళ కొలత చెప్పాడు.

నేను వెళ్ళేసరికి మూకుడు నిండా నీళ్ళున్నాయి. అమ్మ దానికి ఎదురుగా మంచం వేయించుకుని పడుకుంది.

"అమ్మా, పిట్ట ఇంక రాదు" అన్నాను.

ఆమె మూకుడు మీదనుంచి చూపు తిప్పలేదు.

"పిట్ట కోసం గాదే అమ్మీ" అంది.