శత్రువు కందకంలోకి దిగిన ఓబులేసన్న

మొన్న మంగళవారం పొద్దున రాయచోటి నుంచి ఓబులేసన్న కూతురు ఫోన్ చేసి, "నాయన పోయినాడు చిన్నాయనా" అంది. ఆ తర్వాత ఆమె ఏం చెప్పిందో నాకు గుర్తులేదు. డెబ్బయ్యారేళ్ల పండు వయసు, మంచాన పడకుండా పోయాడు, అనాయాస మరణం అని అందరూ అంటున్నారు. నిజమే కావచ్చు. కానీ కువైట్‌లో ఆయన చేతి సంగటి తిని బతికినవాణ్ణి నేను. ఈ వార్త వినడానికి నా చెవులు ఇంకా ఒప్పుకోవడం లేదు.

సబా అల్ సలేం అనే పేటలో ఒకే ఇంట్లో పదకొండేళ్లు పనిచేశాం. నేను కోనసీమ నుంచి వెళ్లిన డ్రైవర్ని. ఆయన తోటమాలి. అయితే తోటమాలి అన్నవాడికి మూడినట్టే. "నేను బావులు తవ్వేటోణ్ణి అబ్బీ. ఈ పూలకుండీలు నా కర్మ" అనేవాడు. కరువు సీమలో తాతల నాటి నుంచి రాళ్లు పగలగొట్టి జలం చూపించిన వంశం ఆయనది. మడమతో నేలను రెండుసార్లు తొక్కి, గుప్పెడు మట్టి నలిపి చూసి, అడుగున ఏముందో చెప్పేవాడు. పోయినవాళ్లంతా సౌమ్యులేనని రాయడం ఆచారం గానీ, ఓబులేసన్న విషయంలో ఆ అబద్ధం నేను రాయలేను. పనిలో తప్పు కనబడితే ఎదుట ఎవరున్నా ఆయన నోరు ఊరుకునేది కాదు. ఇంటి యజమానురాలు, మేము మామా, అంటే అమ్మా, అని పిలిచే పెద్దావిడ, తన తోటలో తనే ఆయనను అడిగి పువ్వు కోసుకునేది.

ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు మనవాళ్లు చాలామంది ఎడారి దాటి స్వదేశం చేరారు. మేమిద్దరం ఉండిపోయాం. కారణం మామా కొడుకు నాసర్. అతను కువైట్ సైన్యంలో సిపాయి. ఓటమి తర్వాత యూనిఫాం పారేసి ఎలాగో ఇల్లు చేరాడు. వంటింటి వెనక సామాన్ల గదిలో, బియ్యం బస్తాల చాటున దాచాం. ఇరాకీల చేతికి చిక్కితే ప్రాణం దక్కదు. సంగతి తెలిసింది తల్లికీ, మా ఇద్దరికీ. నేను వెళ్లిపోదామని గునిసినప్పుడల్లా, "మనం కూడా పోతే ఆ తల్లికి దిక్కెవురబ్బీ?" అని ఓబులేసన్న నా నోరు మూయించేవాడు.

చలికాలం మొదలయ్యేసరికి మా ఇంటి ఎదుట ఖాళీ జాగాలో ఇరాకీలు కందకం తవ్వడం మొదలుపెట్టారు. కువైట్‌ను విడిపించే సైన్యాలు సముద్రం మీంచి వస్తాయని వాళ్ల నమ్మకం. గుండు పడితే ఒక వంకలో ఉన్నవాళ్లే పోతారని కందకాన్ని వంకరటింకరగా తవ్వించాడు వాళ్ల హవల్దారు. ఖాళీ ఇళ్ల తలుపులు ఊడబెరికి పైకప్పుగా పరిచి ఇసుక పోశారు. ఆ సిపాయిల బతుకు చూస్తే పగవాడికి కూడా వద్దనిపించేది. ఎండురొట్టె, చన్నీళ్లు, తలనిండా పేలు. మొహం కడుక్కోవడానికీ, పప్పు కలుపుకోవడానికీ అదే ఇనప టోపీ. తుపాకిలోకి ఇసుక పోకుండా చొక్కా చింపి చుట్టేవాళ్లు, చొక్కా లేక వాళ్లు వణికేవాళ్లు.

వాళ్ల తవ్వకం చూస్తుంటే మాత్రం ఓబులేసన్నకు ఒళ్లు మండిపోయేది. వాళ్లంతా నదీతీరం రైతులు, బంకమట్టి వాళ్లు. గోడలు నిట్టనిలువుగా కోసి, తవ్విన మట్టి అంచు మీదే గుట్ట పోసేవాళ్లు. బంకనేలలో అది చెల్లుతుంది, ఇసుకలో చెల్లదు. ఓ రోజు ఉండబట్టలేక రోడ్డు దాటి వెళ్లి, వచ్చీరాని అరబ్బీలో మన తెలుగు కలిపి కేకలేశాడు. "హాదా మూ జైన్, ఇది బాగలేదు! మట్టి దూరంగా ఎయ్యండ్రా, బయీద్, బయీద్! గోడ వాలుగా కొయ్యాల!"

వాళ్లు నవ్వారు. జబ్బార్ అనే ఖర్జూరపు రైతు, ఇద్దరు పిల్లల తండ్రి, "సదీఖ్, దోస్తూ, మా ఊళ్లో ఇలాగే తవ్వుతాం" అన్నాడు.

వెనక్కి వచ్చాక నేను విరుచుకుపడ్డాను. "మీకేవన్నా మతిపోయిందా అండీ? ఇంట్లో నాసర్ని పెట్టుకుని వాళ్లతో మాటలేంటండీ? కొరివితో తల గోక్కోవడం కాపోతే!"

"వాళ్లెవురైతే నాకేమి? గుంత తప్పుగా తవ్వుతాండారు" అన్నాడాయన.

నాలుగో రోజు మధ్యాహ్నం కందకం కూలింది. జబ్బార్ ఒక్కడే లోపల. మెడదాకా ఇసుక. సిపాయిలు టోపీలతో తోడుతూ అంచు మీదే గుమిగూడుతుంటే ఇంకా ఇసుక జారుతోంది. ఓబులేసన్న అది చూసి ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. ఆయన మోకు తాడూ, మట్టి తట్టా ఉన్నది సామాన్ల గదిలోనే. వెనకే ఇద్దరు సిపాయిలు సాయానికని లోపలికి రాబోయారు. నేను గేటుకు అడ్డం నిలబడ్డాను.

మామా బయటికొచ్చింది. సిపాయిల వైపు చూసి, "ఇది ఆడమనిషి ఇల్లు. మీరు ఇక్కడే ఆగండి. నా మనుషులు తెస్తారు" అంది. నాతో, "యల్లా, తొందరగా వెళ్లి తే" అంది. కొడుకు దాక్కున్న గది తలుపు, ఆ కొడుకును వెతికే సైన్యంలోని ఒకడి కోసం, ఆ తల్లే తెరిపించింది.

ఓబులేసన్న సిపాయిలందర్నీ వెనక్కి తరిమి, అంచున ఒక తలుపు పరిచి దాని మీద నన్ను బోర్లా పడుకోమన్నాడు. మోకు నా చేతికిచ్చి తను దిగాడు. ముందు ఛాతీ చుట్టూ తోడి ఊపిరి ఆడనిచ్చాడు. "మోకాళ్లు బయటపడేదాకా లాగగూడదు, కాళ్లు ఇరుగుతాయి" అంటూ తట్ట తర్వాత తట్ట పైకి అందించాడు. చివరికి జబ్బార్ చంకల కింద మోకు కట్టి, "లాగు" అన్నాడు.

నేను లాగలేదు.

ఎందుకని అడిగితే ఏం చెప్పను? వీడు బతికితే సాయం చేసినవాళ్లని వెతుక్కుంటూ ఆ గేటు దాటి వస్తాడనిపించింది. ఒకడు తగ్గితే తగ్గాడనిపించింది. గోడ మీంచి ఇసుక సన్నగా రాలుతోంది. ఓబులేసన్న తలెత్తి నా మొహంలోకి చూశాడు. కేక వెయ్యలేదు, తిట్టలేదు. "అబ్బీ, నేనూ లోపలే ఉండా" అన్నాడు.

అప్పుడు లాగాను. బయటపడ్డ జబ్బార్ ఇసుక కక్కుతూ ముందు అడిగింది తన తుపాకి గురించి. అది పోతే హవల్దారు శిక్షిస్తాడట. "పోతే పోనీరా, నువ్వుండావు గదా" అని ఓబులేసన్న వాడి వీపు నిమిరాడు. ఆ రోజు ఎవరూ గేటు దాటలేదు. యుద్ధం ముగిసే నాటికి నాసర్ క్షేమంగా ఉన్నాడు. జబ్బార్ దళాన్ని ఎటో పంపేశారు. ఏమయ్యాడో తెలియదు.

ఈ కథ ఆయన తర్వాత ఎన్నిసార్లు చెప్పాడో! నా పెళ్లి భోజనాల దగ్గర మా మామగారికి చెప్పాడు. మా పిల్లలకు చెప్పాడు. ప్రతిసారీ "నేనూ మా అబ్బీ కలిసి లాగినాం" అనే ముగించేవాడు. నేను ఊరుకుండిపోయిన ఆ కాస్సేపు సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. నిరుడు ఫోన్లో నేనే, "ఓబులేసన్నా, ఆ రోజు నేను..." అన్నాను. "మోకు బరువుగా ఉన్నిందిలే అబ్బీ" అని, మా కొబ్బరి కాపు ఎలా ఉందని అడిగాడు.

అంత పనిమంతుణ్ణి, అంత పెద్ద మనసును మళ్లీ చూడను. మహానుభావుడని దండం పెట్టబోతే చేతులు ఆ మోకు దగ్గరే ఆగిపోతున్నాయి. బరువుగా లేదండీ ఓబులేసన్నా. ఆ సంగతి మీకూ తెలుసు. ఒప్పుకుందామంటే ఇప్పుడు మీరు లేరు.