ఒకే వలయంలో రెండు చుక్కలు

కొన్నేళ్లుగా ఒక సంతోషాన్ని దొంగసొత్తులా దాచుకుని బతికాను. దాని బరువు నిన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

కర్నూలులో ఒక ఆసుపత్రిలో, అప్పుడే పుట్టిన పిల్లల రక్తం తీసే పని నాది. మడమ మీద సూదితో చిన్నగా గుచ్చి, కార్డు మీది వలయాల్లో రక్తపు చుక్కలు పట్టాలి. అవి ఆరాక, వాటిలో కొవ్వును మోసే ప్రొటీన్లు ఎంత ఉన్నాయో ల్యాబ్‌లో కొలుస్తారు. అవి ఎక్కువుంటే వంశంలోని గుండెజబ్బు బిడ్డకూ వచ్చిందేమోనని అనుమానం. ఒక వలయానికి ఒకే చుక్క. రెండు పడితే లెక్క తప్పుతుంది.

బనగానపల్లె నుంచి వచ్చిన షబానా కూతురికి మొదటి చుక్క చిన్నగా పడింది. బిడ్డ ఏడుస్తోంది. మళ్లీ గుచ్చబుద్ధి కాక, దాని మీదే ఇంకో చుక్క వేశాను. అది జాలేనా? ఇంటికి పోవాలన్న తొందర కాదా?

రిపోర్టులో ప్రొటీన్ బాగా ఎక్కువ వచ్చింది. ఎందుకో నాకు వెంటనే తెలిసిపోయింది. డాక్టరుగారు మళ్లీ రక్తం తీయమన్నారు. ఉద్యోగం పోతుందన్న భయంతో నేను నోరు విప్పలేదు. రెండో రిపోర్టు వచ్చేదాకా అత్త షబానాను సాధించిందట, "మీ నాయన గుండెజబ్బే బిడ్డకు వచ్చినాది" అని. షబానా అన్నం మానేసింది.

రెండోసారి సరిగ్గా తీశాను. అంతా మామూలుగానే ఉంది.

ఆ రోజు వాళ్ల సంతోషం చూడాలి. షబానా భర్త కనిపించిన ప్రతి ఒక్కరికీ జిలేబీలు పంచాడు. అత్త కోడలి తల నిమిరి, "తప్పయిపోయింది పాపా" అంది. బిడ్డకు పేరు పెట్టేరోజు నన్నూ పిలిచారు. సిగ్గులేకుండా వెళ్లాను, బిర్యానీ అడిగి మరీ పెట్టించుకున్నాను. అంతగా నవ్విన రోజు నా బతుకులో ఇంకొకటి లేదు.

చేతులు కడుక్కుంటుంటే షబానా పక్కకొచ్చి అడిగింది.

"అక్కా, ముందు ఎందుకట్ల వచ్చె?"

"పసిపిల్లలకు అట్ల మారుతుంటాదిలేమ్మా."

"అల్లాకు నా ఏడుపు వినపడినట్లుండాది," అని నవ్వింది.

ఆ నవ్వు చెరపలేక ఊరుకున్నానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నన్ను నేను కాపాడుకున్నాను.

నిన్న షబానాకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"అయితే మా నాయన జబ్బు నా బిడ్డకు రానేలేదు," అంది. "మళ్లీ తిరగబెడ్తాదేమోనని ఇన్నేళ్లూ భయపడితి. మొదట్నుంచీ రాలేదు." ఆ మాటే మళ్లీ మళ్లీ అంది, ఏడుస్తూ, నవ్వుతూ. ఇంట్లో ఎవరినో కేకేసి చెప్పింది. నా మాట ఎత్తకుండానే ఫోన్ పెట్టేసింది.

నన్ను క్షమించిందా? తెలియదు. అడిగే హక్కు నాకు లేదు. కానీ చెప్పేశాను.