ఈశాన్యంలో ర్యాంపు

ఇంటిని క్లినిక్‌గా మార్చే పని మొదలుపెట్టినప్పుడు నేను కోరుకున్నది ఒక్కటే. అక్క తన చక్రాల కుర్చీలో, వెనక ఎవరూ నెట్టకుండా, గేటులోంచి వచ్చి ల్యాబులో తన బల్ల ముందు కూర్చోవాలి. రంగులు, బోర్డులు, కుర్చీలు ఎట్లా ఉన్నా నాకు పట్టలేదు. డాక్టరుగా నాకు క్లినిక్ ఇంకెక్కడైనా దొరికేది. అక్కకు ఉద్యోగం ఇంకెక్కడా దొరకలేదు.

అక్క ఖమ్మంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసేది. కల్లూరు నుంచి బండి మీద వస్తుంటే ప్రమాదం జరిగి వెన్నుపూస దెబ్బతింది. నడుము కింద స్పర్శ పోయింది. అప్పటినుంచి మా ఇంట్లోనే ఉంది. ఉద్యోగం కోసం ఎంతమందిని అడిగినా అందరూ జాలిపడి పంపించేవాళ్లే. "చేతులున్నయి, కండ్లున్నయి. మైక్రోస్కోపు చూసెటానికి కాళ్లతోని ఏం పనే?" అనేది. ఆ మాటను మొదట్లో కోపంగా అనేది, తర్వాత నవ్వుతూ, ఆ తర్వాత అనడమే మానేసింది. అందుకే మా మామగారు భద్రాచలంలో కిరాయికి ఇచ్చిన ఇల్లు ఖాళీ అయిందని తెలియగానే నేను ఎగిరి గంతేశాను.

మామగారి తండ్రి కోస్తా నుంచి వచ్చి సత్తుపల్లి దగ్గర భూములు కొన్నారు. వాళ్లకు ఎరువుల వ్యాపారం కూడా ఉంది. ఈ ఇల్లు మామగారే దగ్గరుండి కట్టించుకున్నారు. గోదావరి పొంగితే నీళ్లు లోపలికి రాకూడదని పునాది మనిషి నడుమెత్తు లేపించారు. ఆ ఎత్తుకు ముందువైపు నల్ల గ్రానైట్ మెట్లు వేయించారు. ముఖం చూసుకోవచ్చు, అంత నున్నగా ఉంటాయి. వానాకాలంలో వాటి మీద కాలు జారని చుట్టం మా వైపు లేడు.

వాకిలి మాత్రం విశాలమైనది. సుద్దముక్క తీసుకుని గచ్చు మీదే అన్నీ గీశాను. గేటు నుంచి ప్రహరీ వెంబడి మెల్లగా ఎక్కే ర్యాంపు, మధ్యలో ఒక మలుపు, ఆ తర్వాత గుమ్మం. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉంటేనే కూర్చున్న మనిషి సొంత చేతులతో ఎక్కగలదు. ఆ పొడవు పట్టేది ఆ పక్కనే. రెండో పక్క ఆటోలకు చోటు. అడవి ఊళ్ల నుంచి ఒక్కరికి జ్వరమొస్తే ఇంటిల్లిపాదీ ఆటోలో వస్తారు, చూపించుకునేదాకా ఆటో అక్కడే ఉంటుంది. వాళ్లు కూర్చోవడానికి గోడవారన రెండు కానుగ చెట్లు, కింద అరుగు. అక్క కుర్చీలోంచి వంగి చూసి, "మలుపు కాడ కొంచెం వెడల్పు పెట్టు, కుర్చీ తిరగాలె" అంది. ఆ ఒక్కరోజు మేమిద్దరం చిన్నపిల్లల్లాగా ఉన్నాం.

మర్నాడు మామగారు సిద్ధాంతిని తీసుకొచ్చారు. ఆయన దిక్సూచి పట్టుకుని నా గీతల మీద అటూ ఇటూ నడిచి, ర్యాంపు దగ్గర ఆగిపోయాడు.

"ఇది ఈశాన్యం తల్లీ. ఇక్కడ మట్టి పోసి ఎత్తు లేపకూడదు. పల్లంగా ఉండాలె, నీళ్లుండాలె."

"మరి మెట్లు? అవీ బరువే కదండీ" అన్నాను.

"మెట్ల సంగతి వేరు."

ఎట్లా వేరో చెప్పలేదు. నేను వాదించాను. ఇనుపది పెడతాను, మట్టి పోయనన్నాను. ఇది ఇల్లు కాదు, దవాఖానా అన్నాను. మామగారు ఓపిగ్గానే విన్నారు. ఆయన అరిచే మనిషైతే నాకు తేలికయ్యేది. "చూడమ్మా, మీ అక్క మాకు బరువని నేనెప్పుడైనా అన్నానా? దక్షిణం పక్క సందు ఉంది. అక్కడ వేయించుకో. ఎంత బాగా కావాలంటే అంత బాగా వేయించుకో" అన్నారు. ఇక అత్తగారు నన్ను వంటగదిలోకి పిలిచి, కళ్లనిండా నీళ్లతో, "ఈశాన్యం మూస్తే ఇంటి మగపిల్లలకు అరిష్టమంటున్నారమ్మా. నాకున్నది ఒక్కడు. నీకున్నదీ ఒక్కడే" అంది.

నేను చదివిన చదువు అక్కడితో ఆగిపోయింది. నా కొడుకు మాట ఎత్తగానే దక్షిణం సందుకు ఒప్పుకున్నాను. నమ్మి కాదు. వాడికి రేపు మామూలు దగ్గొచ్చినా అందరూ ఆ ర్యాంపు వైపే చూస్తారు, ఆఖరికి నేను కూడా చూస్తాను. మా ఆయన "పోనీలే, ఏదో ఒక పక్క ఉంటే చాలదా" అన్నాడు. ఆయన జీవితమంతా ఆ పోనీలే మీదే నడిచింది.

ఆ తర్వాత నా సుద్దగీతలన్నీ ఒక్కొక్కటే చెరిగిపోయాయి. ఈశాన్యంలో నీళ్లుండాలి కనుక కలువల తొట్టి వచ్చింది. దాని చుట్టూ కడియం నర్సరీల నుంచి లారీలో తెప్పించిన గడ్డి, మొక్కలు. గడ్డి తొక్కకుండా చుట్టూ చిన్న కంచె. చెట్లు పెద్దవైతే బోర్డు కనపడదని కానుగలు వద్దన్నారు. మిగిలిన చోటు కారుకు. ఆటోలు రోడ్డు మీద ఆగాలి. పొద్దస్తమానం అడవిలో తిరిగే మనుషులను కంచె అవతల నిలబెట్టి గడ్డి చూపించడమేమిటో నాకు ఈనాటికీ అర్థం కాదు. కదల్లేని వాళ్లు మెట్లెట్లా ఎక్కుతారని అడిగితే మామగారు, "వాళ్లు డోలీల్లో మోసుకొచ్చే మనుషులు, ఈ మెట్లొక లెక్కా" అన్నారు.

దక్షిణం సందులో బోరు మోటరు, సెప్టిక్ ట్యాంకు పోగా మిగిలిన చోటులో ర్యాంపు కట్టారు. మేస్త్రి నిజాయితీగానే చెప్పాడు. "పొడుగు లేదు మేడమ్. నిట్టనిలువుగ వస్తది." సిమెంటు ఆరాక అక్కను తీసుకెళ్లాను. చక్రాలు రెండు చేతులతో పట్టి తోసింది. సగం ఎక్కింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. కుర్చీ వెనక్కి జారింది, నేను పట్టుకున్నాను. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ పట్టుకున్నాను. అరచేతులు ఎర్రగా కందిపోయాయి.

"ఒకరు నెట్టాలె" అంది.

"రోజూ నేను నెడతానక్కా."

"గట్లనే ఉండనీ" అంది, నా వైపు చూడకుండా.

ప్రారంభం రోజు పొద్దున్నే షామియానా వేశారు. దగ్గరి చుట్టాలు, ఊరి పెద్దలు వచ్చారు. అక్క కొత్త చీర కట్టుకుని, తెల్ల కోటు మడిచి ఒళ్లో పెట్టుకుని, ముందు వరుస పక్కన కూర్చుంది. నేనూ మా ఆయనా పీటల మీద కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నాం. ముందుగా ఆవు లోపలికి వెళ్లాలి. ఆవు మొదటి మెట్టు మీద కాలు పెట్టి జారింది. మళ్లీ ఎక్కించబోతే బెదిరి వెనక్కి లాగింది. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు కంగారుపడ్డాడు. మామగారు మేస్త్రిని కేకేశారు.

ర్యాంపు పోసినప్పటి సెంట్రింగ్ చెక్కలు ఇంకా సందులోనే ఉన్నాయి. నలుగురు మనుషులు వాటిని తెచ్చి, మెట్ల మీద నుంచి వాకిలి సగం దాకా పొడుగ్గా పరిచారు. కింద ఇటుకలు పేర్చారు. ఒకదానికి కలువల తొట్టి అడ్డమొస్తే తొట్టిని పక్కకు జరిపారు. కంచె పీకేశారు. పైన గోనెసంచులు వేశారు. అత్తగారు పసుపు నీళ్లు చల్లింది. కాసేపట్లో ఈశాన్యంలో చక్కటి ర్యాంపు తయారైంది. సిద్ధాంతి అక్కడే ఉన్నాడు. అరిష్టమని ఒక్కరూ అనలేదు. ఆవు నిదానంగా ఎక్కి, హాల్లో తిరిగి, మూత్రం పోసి, అందరినీ సంతోషపెట్టి దిగిపోయింది.

నేను లోపల పీట మీద కూర్చున్నాను. గుమ్మంలోంచి అక్క కనబడుతోంది. కుర్చీ తిప్పుకుని చెక్కల వైపు వస్తోంది. గబగబా వస్తోంది. అప్పటికే మేస్త్రి మనుషులు చివరి చెక్క ఎత్తుతున్నారు.

"ఆగుండ్రి. నేను గూడ ఎక్కుత" అంది అక్క.

మేస్త్రి చాలా మర్యాదగా చెప్పాడు. "చుట్టాలు మెట్లు ఎక్కాలె గదక్కా, జల్దీ తియ్యమన్నరు. మీ కోసం ఎనక కట్టినం గద."

"తీయొద్దు" అని నేను లోపలి నుంచి అరిచాను. అంతలోనే మేళం మొదలైంది. లేవబోతే మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు, మంత్రం మధ్యలో లేవకూడదట. చెక్కలు పోయాయి. మెట్లు మళ్లీ మెరిశాయి. అక్క కాసేపు వాటి ముందే ఉంది. తర్వాత సందు వైపు కాకుండా గేటు వైపు తిరిగింది. రోడ్డు మీది ఆటో ఆయన ఆమెను ఎత్తి లోపల కూర్చోబెట్టడం కూడా నాకు కనబడింది.

సాయంత్రం ఇంటికి వెళ్లి అక్క కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. అక్క ఏడవలేదు.

"నన్ను మోసెటోళ్లు ఎప్పుడూ ఉన్నరే. నేను మోయించుకుందామని రాలే. ఒక్కనాడన్న నా అంతట నేను లోపటికి పోదామని వచ్చిన" అంది. రేపు మామగారితో గట్టిగా మాట్లాడతానన్నాను. "మాట్లాడకు. చెయ్యరాక చెయ్యలేదనుకున్న ఇన్నొద్దులు. చెయ్యొచ్చని ఇయ్యాల జూసిన. ఇగ నాతోని కాదు" అంది.

ల్యాబులో ఇప్పుడు వేరే అమ్మాయి పనిచేస్తోంది. సందులో ర్యాంపు మీద స్టాఫు బండ్లు పెట్టుకుంటారు. కాలు విరిగినవాళ్లను, నిండు గర్భిణులను వాళ్ల మనుషులు ముందు మెట్ల మీదుగానే మోసుకొస్తారు. వాళ్లను దించేటప్పుడు నేను లేచి వెళ్లి పట్టుకుంటాను. అందరూ నన్ను మంచి డాక్టరమ్మ అంటారు. అక్క తెల్ల కోటు ఉతికి, ఇస్త్రీ చేసి, నాకిచ్చింది. అది నా కొలతకు సరిపోయింది. రోజూ అదే వేసుకుని ఆ మెట్లు ఎక్కుతున్నాను.