లంకలో దిగిన అత్తమ్మ

డిసెంబర్‌లో చెన్నైలో ఓడెక్కి శ్రీలంక చూసి రావాలన్న ఆలోచన దుబాయిలో పనిచేసే మా మరిదిది. వాళ్లవ్వ, అంటే మా అత్తమ్మ, సముద్రం ఎరగదని ఆమెకు, తోడుగా మా ఆయనకు, నాకు టికెట్లు తీశాడు. లక్సెట్టిపేట దగ్గర పొలం దున్నించుకునే అత్తమ్మ మొదటి పూటకే ఓడలో సొంతిల్లులా తిరగడం మొదలుపెట్టింది. కరీంనగర్‌లో ఎరువుల దుకాణం నడిపే మా ఆయన మాత్రం తీరం కనుమరుగైనప్పటి నుంచి మంచం దిగలేదు. ఏం తిన్నా కడుపులో నిలవలేదు.

లంకలోని త్రికోణమలై రేవులో ఓడ ఆగిన పొద్దున వాన అడ్డంగా కొడుతోంది. తుఫాను గాలి వల్ల ఊరు చూపించే కార్యక్రమం రద్దయిందని, కావాలంటే బజారు దాకా బస్సులో వెళ్లి రావచ్చని మైకులో చెప్పారు. మా ఆయన దుప్పట్లోంచి వేలు పైకెత్తాడు.

"ఇన్నరు గదా? ఇద్దరు గూడ దిగద్దు. అవ్వా, నీకే చెప్తున్న."

"నేనెందుకు దిగుత కొడుకా? పైన సినిమా ఏస్తున్నరట, చూసొస్తం" అంది అత్తమ్మ, ఎంతో బుద్ధిగా.

తలుపు మూయగానే నా చెయ్యి పట్టుకుంది. "నడువు పిల్లా. సీతమ్మను ఎత్తుకొస్తె గీ లంకకు వచ్చింది. మనం టికెట్ తీసుకొని వచ్చినం. దిగకుంటె ఎట్ల?"

"ఆయనకు తెలిస్తె?"

"నువ్వు చెప్పవు, నేను చెప్ప. ఇంకెవలు చెప్తరు?"

బజారులో దిగీ దిగగానే నా గొడుగు వెనక్కి తిరగబడింది, తర్వాత పుల్లలు మాత్రమే మిగిలాయి. అత్తమ్మ తొణకలేదు. ఓడ స్నానాల గదిలో పెట్టిన షవర్ క్యాప్‌ను సంచిలోంచి తీసి కొప్పు మీద తొడుక్కుంది. దుకాణాలు సగం మూసేశారు. రేకులు దడదడలాడుతున్నాయి. సముద్రం రోడ్డు మీదికి నీళ్లు చిమ్ముతోంది. మేమిద్దరం ఒకరినొకరం పట్టుకుని, నవ్వుకుంటూ, బస్టాండు చూరు కిందికి పరుగెత్తాం.

అక్కడ మాకంటే ముందే రెండు దుప్పులు నిలబడి ఉన్నాయి. నిజం దుప్పులు, ఒంటి మీద మచ్చలతో. పక్కన జనం వాటిని పట్టించుకోకుండా బస్సు కోసం చూస్తున్నారు.

"మా దిక్కు దుప్పి జోలికి పోతె ఫారెస్టోళ్లు కేసు పెడ్తరు. గివి జూడు, మేకల లెక్క బస్సుకు నిలబడ్డయి!" అంది అత్తమ్మ నోరు తెరిచి.

ఆమె సంచిలో ఇంటి నుంచి తెచ్చిన సకినాలున్నాయి. వాసన పట్టిన పెద్ద దుప్పి మూతి లోపలికి పెట్టింది. అత్తమ్మ సంచి లాగింది, అదీ లాగింది. ఈలోగా రెండోది వెనక నుంచి కొంగు నమలడం మొదలుపెట్టింది.

"ఓ పిల్లా, నవ్వుడు ఆపి జర కొంగు ఇడిపియ్యవే!"

నవ్వు ఆగితే కదా విడిపించడానికి. చివరికి ఒక ముసలాయన తన గొడుగుతో అదిలిస్తే దుప్పులు వదిలాయి. సకినాలు మాత్రం నేలపాలయ్యాయి. ఆయన పోయించిన అల్లం టీ తాగి, నీళ్లు కారుతూ ఓడకు తిరిగొచ్చాం.

మా ఆయన మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు.

"సినిమా ఎట్లుందే?"

"మంచిగుంది" అన్నాను, చీర అంచు పిండుకుంటూ.

ఆయన ఫోన్ మా వైపు తిప్పాడు. ఓడలోని తెలుగువాళ్లు పెట్టుకున్న వాట్సప్ గ్రూపులో, మా వెనకే బస్సు దిగిన హైదరాబాద్ జంట పెట్టిన ఫోటో: షవర్ క్యాప్‌తో అత్తమ్మ, చెరో దిక్కు లాగుతున్న దుప్పులు, పక్కన కడుపు పట్టుకుని నేను. తిడతాడనుకున్నాను. ఆయన పెదవులు వణికాయి, భుజాలు ఎగిరాయి, కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఆ తర్వాత అలిగాడు.

"నన్నెందుకు లేపలే?"

అప్పటికే ఆ ఫోటోను ఇంట్లోవాళ్లందరికీ పంపేశాడు కూడా. లక్సెట్టిపేట నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసింది. అత్తమ్మ ఫోన్ అందుకుని, తల తుడుచుకుంటూ మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"రెండెక్కడియే? ఫోటోల రెండే వడ్డయి. ఇరవై ఉండె, ఇరవై!"

ఓడ కదిలింది. మాట మధ్యలో సిగ్నల్ పోయింది. ఇంకాసేపు సిగ్నల్ ఉంటే కథలోకి పులి కూడా వచ్చేదే.